ఆకు దూయాలా, ఉంచాలా

బాలామణిది రాజోలు దగ్గర పల్లె. జెద్దాలో ఒక పెద్దింట్లో వంటపనికి కుదిరి ఆరేళ్లయింది. ఆ ఇంటి పెరట్లో, ఏసీ నీళ్లు కారే గోడవార నాలుగు గోంగూర మొక్కలు పెంచుకుంది. గింజలు తెచ్చిచ్చింది అదే ఇంటి డ్రైవరు, రాయచోటి ఖాదర్. శుక్రవారం శుక్రవారం లేతాకు కోసి పప్పులో వేసుకుంటే చాలు, మిగతా వారమంతా ఎవరేమన్నా ఆమె చెవికెక్కేది కాదు.

మంగళవారం మేడమ్ చెల్లెలు వచ్చి, పెరట్లోకి తొంగిచూసి కెవ్వుమంది. ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. గంజాయాకు. బాలామణి ఫొటో చూసింది, మొక్కను చూసింది. చెయ్యి చాపినట్టు అవే చీలికలు, అంచున అవే రంపపు పళ్లు. ఇన్నాళ్లూ తిన్నదేమిటో తనకే అనుమానం వచ్చింది.

"కూరాకు మేడమ్," అంది వచ్చీరాని అరబ్బీలో. పులుపుకి అరబ్బీ మాట రోజూ వంటింట్లో వాడేదే, ఆ భయంలో గుర్తుకొస్తేనా!

"సాయంత్రం బాబా వస్తారు. ఆయనే చూస్తారు," అని మేడమ్ లోపలికి పోయింది. బాబా అంటే ఇంటి యజమాని. ఆ దేశంలో ఆ ఆకుతో పట్టుబడితే ఏమవుతుందో బాలామణికి ఒకరు చెప్పక్కర్లేదు.

కారు కడగడానికి వచ్చిన ఖాదర్ ఆమెను చూసి ఆగాడు.

"ఏమ్ క్కా, ఇట్ల కూలబడినావ్?"

"నీ గోంగూర నా కొంప ముంచేలా ఉందిరా. గంజాయంటన్నారు."

"యా అల్లా! ఆకు దూసెయ్ క్కా. ఆకే లేకుంటే ఏం జూసి అంటారు?"

నిజమేననిపించి, రెండు మొక్కలు మోడులయ్యేదాకా దూసేసింది. అప్పుడు మళ్లీ అనుమానం.

"ఒరే, దూసిన ఆకు ఎక్కడ దాచావంటే ఏం చెప్పను?"

"అవ్ గదా. దూయాకు."

"రెండు దూసేశాను గదరా!"

"మళ్ల అంటించేదానికి బంక తేవాల్నా?"

"ఎకసెక్కాలాడకు. ఒక్క పువ్వు పూసుంటే బాగుండును. బెండపువ్వులా పూస్తదా, చూపిచ్చేసేదాన్ని."

"నువ్ పూయనిచ్చినావా? చిగురొచ్చేది పాపం, గిల్లితివి."

అదీ నిజమే. గిల్లేకొద్దీ గుబురెక్కింది గానీ పూత మొహం చూడలేదు. తనకు సాక్ష్యం చెప్పాల్సిన పువ్వుని తనే ప్రతి శుక్రవారం తినేసింది. మిగతా రెండూ దూయాలా, ఉంచాలా? పీకేస్తే గుంటలు కనబడవూ? ఏమీ తోచక, దూసిన ఆకంతా బియ్యం సంచిలో కుక్కి తన మంచం కిందకి తోసింది.

సాయంత్రం బాబా వచ్చాడు. రెండు మొక్కలు పచ్చగా, రెండు బోడిగా.

"వీటి ఆకులేవి?"

బాలామణి వెళ్లి సంచీ తెచ్చింది.

"మంచం కింద దాచావా!" అంది మేడమ్.

"ఐపాయ," అని బాబా వెనక నిలబడ్డ ఖాదర్ తెలుగులో గొణిగాడు.

బాలామణి సంచిలో చెయ్యి పెట్టింది. గుప్పెడాకు తీసి పచ్చిదే నోట్లో కుక్కుకుని నమిలింది. పళ్లు జివ్వుమన్నాయి, కళ్లు మూతపడ్డాయి. బాబా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఒక ఆకు తీసుకుని, వాసన చూసి, కొరికాడు. ముఖం ముడుచుకుపోయింది.

"హామిద్!" అన్నాడు, పులుపని. మేడమ్ కూడా కొరికి "హామిద్!" అంది.

"ఆ రెండింటి ఆకు ముట్టుకోకు. పూసినప్పుడు నాకు చూపించు," అనేసి బాబా లోపలికి వెళ్లాడు.

"నమ్మాడంటావా?" అంది బాలామణి.

"నమ్మకుంటే ఈపాటికి నువ్ ఈడ ఉంటావా?"

"నమ్మితే మరి పువ్వెందుకురా?"

"ముందు ఆ సంచిలో ఆకు వండు క్కా. ఆకలైతాంది."

ఆమె పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. పచ్చిమిరపకాయలు ఆరు తీసి, రెండు వెనక్కి పెట్టి, మళ్లీ తీసింది.