అప్ప చేతికి గ్లౌజులు

ఇరవై ఏళ్ళ నుంచి జాకెట్లు కుడుతున్నాను. మనిషి గుమ్మంలో నిలబడగానే భుజం ఎంతుంటుందో, చంక దగ్గర ఎక్కడ పట్టేస్తుందో టేపు తీయకముందే చెప్పేస్తాను. మా వీధి ఆడవాళ్ళు నా నోటికి జడుస్తారు గాని నా కత్తెరకు మాత్రం వంక పెట్టరు. అంతటిదాన్ని, ఒక్క చేతికి సరిపడే గ్లౌజు కుట్టలేక ఏడాది పాటు నానా అవస్థా పడ్డాను. ఆ చెయ్యి మా అప్పది.

మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. పలాసలో జీడిపిక్కలు కోసి నన్ను పెంచింది, ఆ కూలి డబ్బులతోనే నాకు కుట్టుమిషను కొనిపెట్టింది. పిక్కలు కోసే షెడ్డు వైపు మాత్రం నన్ను ఏనాడూ రానివ్వలేదు. "నీ సేతులు తెల్లగుండాలే. జాకెట్టు గుడ్డకి మరకైతే ఎవులూరుకుంటారు?" అనేది నవ్వుతూ. నా చేతులకు మరక అంటకుండా ఉండడానికి తన చేతులు ఏమయ్యాయో నేను చాలా ఆలస్యంగా చూశాను. రోజూ కనబడుతూనే ఉన్నాయి. నా కళ్ళకు ఆనలేదంతే.

జీడిపిక్క పెంకులో ఒక రసం ఉంటుంది. దాన్ని కూడా జీడి అనే అంటాం. ఒంటికి తగిలితే పొక్కుతుంది, పొక్కినచోట నల్లబడుతుంది, ఆ నలుపు కింద తోలు ఊడుతుంది. పిక్కలు కోసే మనిషి ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్కను పట్టుకుని రెండు కత్తుల నడుమ నిలబెట్టాలి. కాలితో పెడలు తొక్కితే కత్తులు దగ్గరకొస్తాయి. కుడిచేత్తో పిడి తిప్పితే పెంకు విచ్చుకుంటుంది. పిక్క వాలు కాస్త తప్పిందంటే లోపలి పప్పు బద్దయిపోతుంది. ఆ వాలు కళ్ళతో చూసేది కాదు, వేళ్ళ కొసలకు తెలియాలి. అప్ప కోస్తే పప్పు నిండుగా వచ్చేది. షెడ్డులో ముందు వరసలో మొదటి పీట ఆమెదే.

ఆ చూపుడువేలికే చీము పట్టింది. అప్పకు షుగరుంది. డాక్టరు వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ జీడి తగిలి పుండు రేగితే వేలు తీసెయ్యక తప్పదు, ముందు ఆ పని మానెయ్యండి అన్నాడు. ఆయన ముందు బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక నా మీద పడింది.

"మానిపించీసి ఏటి పెడతాడంట? తెచ్చి ఆడింట్లో కూకోబెడతాడేటి నన్ను?"

బావ పోయి అప్పటికి చాలా కాలమైంది. పిల్లల్లేరు. మా ఇంటికి వచ్చి ఉండమంటే తిడుతుంది. చేతులున్నంతకాలం ఒకరి గుమ్మం ఎక్కనని ఆమె పంతం. ఆ చేతులే పోయేలా ఉన్నాయే అంటే వినబడనట్టు ఊరుకునేది. నాకు నిద్ర పట్టేది కాదు. ఆ వేలు లేకపోతే అప్ప పిక్క కొయ్యలేదు, పిక్క కొయ్యలేకపోతే అప్ప అప్పలా ఉండదు. అది నాకు తెలుసు.

గ్లౌజులు లేవా అంటే ఉన్నాయి. షెడ్డులో ఒక మేకుకు ఎర్ర రబ్బరువి గుత్తులుగా వేలాడుతుంటాయట. ఎవరైనా ఆఫీసర్లు వస్తున్నారంటే అందరూ గబగబా తొడుక్కుంటారు. జీపు గేటు దాటిందో లేదో మళ్ళీ మేకుకే. ఒక జత ఇంటికి తెమ్మని తొడుక్కుని చూశాను. మగవాడి చేతికి చేసినవి. వేళ్ళ కొసలు అంగుళం మేర ఖాళీగా వేలాడుతున్నాయి, ఆ ఖాళీ కొస కత్తిలో పడితే వేలిని కూడా లాక్కుపోతుంది. అరచేతికి గాలాడదు. పిక్క పట్టుకున్నానో రాయి పట్టుకున్నానో తెలియలేదు. నేనెవరికైనా ఇలాంటి జాకెట్టు కుట్టి ఇస్తే నా మొహాన కొట్టి పోతారు.

"నాను కుడతానప్పా," అన్నాను.

"సేతికి జాకెట్టేటే, గుంటా!" అని పకపకా నవ్వింది.

ఆదివారం షెడ్డుకు సెలవు. ఆ రోజు కూర్చోబెట్టి వేలు వేలికీ మూడు చోట్ల చుట్టుకొలత తీశాను. నాలుగు ముక్కల గ్లౌజు, దళసరి కాటను. బొటనవేలు మొదట్లో పట్టేయకుండా జుబ్బా చంకలో వేసే చదరపు ముక్క లాంటిది వేశాను. అది తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అప్ప తొడుక్కుని వేళ్ళు ముడిచి విప్పి, "ఓలమ్మో, తోలులాగ అతికిపోనాది," అంది. సోమవారం పట్టుకెళ్ళింది. సాయంత్రం తిరిగి తెచ్చి మిషను మీద పెట్టింది.

"మద్దేన్నం తిండికి తీసినాక మల్లీ ఎక్కలేదే. అదీ కాక వేలి కొసన కుట్టుందా, పిక్క బదులు నీ కుట్టే తగుల్తన్నాది. పొద్దుటి నుండీ బద్దలే."

కుట్టును వేలి వెనక్కి, గోటి వైపుకు మార్చాను. వేళ్ళ సందుల్లో పట్టీలు వేశాను. అప్పుడు కొస బాగుంది గాని మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కలేదు. ఇంకో జత కుట్టాను. అదీ అంతే. పుండు ఒకవైపు మానుతూ ఒకవైపు రేగుతూ ఉంది. నా మీద నాకే ఒళ్ళు మండి, వద్దన్నా వినకుండా ఒకరోజు నా వంటావార్పూ ముగించుకుని షెడ్డుకు వెళ్ళి ఆమె పీట పక్కన కూలబడ్డాను.

అప్పుడు తెలిసింది. ఒంటిగంట దాటేసరికి అప్ప చెయ్యి ఉబ్బిపోతుంది. వేడికీ, పొద్దుటి నుంచీ చేసిన పని అలుపుకీ వేళ్ళ గెణుపులు కనబడకుండా పోతాయి. నేను కొలిచింది సెలవు రోజు చేతిని. పని చేసేది ఆ చెయ్యి కాదు. అక్కడే, మూడు గంటలప్పుడు, మళ్ళీ కొలత తీశాను. పక్క పీటల వాళ్ళు చూసి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నా చిన్నతనమంతా ఆ ఉబ్బిన చేత్తోనే ఇంటికొచ్చి నాకు అన్నం కలిపి పెట్టిందని అప్పుడు లెక్కకొచ్చింది.

ఈసారి గుడ్డ ఒక్కటే చాలదని కూడా అర్థమైంది. గుడ్డ జీడిని పీల్చుకుంటుంది. అందుకని మందుల షాపులో డాక్టర్లు వేసుకునే పల్చటి రబ్బరు గ్లౌజులు తెచ్చాను. లోపల అది, పైన నా గుడ్డ. గుడ్డ కూడా చెయ్యంతా కాదు, బొటనవేలికీ, చూపుడువేలికీ, నడిమి వేలికీ మాత్రం. మణికట్టు దగ్గర మెత్తటి ఎలాస్టిక్. అప్ప మొదటి రోజే కబురు పెట్టింది, బద్దలు లేవని. రెండో రోజు సూపర్వైజరు వచ్చి చూసిపోయాడట. నా కళ్ళు నెత్తికెక్కాయి. వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పాను.

నేను అడగని సంగతి ఒకటుంది. పిక్కలు కోసేవాళ్ళు పొద్దున్నే పీట మీద కూర్చునే ముందు రెండు చేతులూ ఆముదంలో ముంచి, పైన పొయ్యి బూడిద దట్టంగా రాసుకుంటారు. తరవాత కోత మిషనుకు దండం పెట్టి కూర్చుంటారు. జీడి ఒంటికి అంటకుండా వాళ్ళకున్న కాపు అదొక్కటే. అది రాసుకోకుండా కూర్చోవడమంటే చెప్పుల్లేకుండా ముళ్ళలోకి దిగడమే వాళ్ళకు. నేను షెడ్డుకు వెళ్ళేసరికి పని మొదలై చాలాసేపయింది, ఆ రాసుకోవడం నా కంట పడలేదు. కానీ నాకు తెలియదా? చిన్నప్పటి నుంచీ అప్ప దగ్గర ఉన్నది ఆ ఆముదం వాసనే. తెలుసు. నా గ్లౌజు కింద కూడా అది రాసుకుంటుందని తోచలేదు.

రాసుకుంది. దాని మీద రబ్బరు తొడుక్కుంది. బూడిద రేణువులు ఆ పల్చటి రబ్బరును లోపలి నుంచి రాసి సూది మొనంత చిల్లు చేశాయి. ఆ చిల్లులోంచి జీడి దిగింది. ఉత్త చేతికి తగిలిన జీడిని కొంగుకు తుడుచుకుంటారు, కాస్త బూడిద అద్దుకుంటారు. ఇక్కడ లోపలికి పోయింది లోపలే ఉండిపోయింది. నేను బిగువుగా, అందంగా, ఎక్కడా ఖాళీ లేకుండా కుట్టాను కదా. నూనెలో కలిసి ఆ పుండు మీదే నానింది.

నాలుగు రోజులు అప్ప మా ఇంటి వైపు రాలేదు. ఫోను చేస్తే బాగున్నానంది. అయిదో రోజు నేనే వెళ్ళాను. చెయ్యి చీర కుచ్చిళ్ళలో దాచుకుని కూర్చుంది. బలవంతాన లాగి చూశాను. ఆ వేలిని ఇక్కడ వర్ణించలేను.

"మండలేదా అప్పా?"

"మండింది."

"మండితే తీసీయాల గదా!"

"నువ్వు కుట్టినావు కదే," అంది. "అన్నిసార్లు కుట్టి, ఇప్పి, మల్లీ కుట్టినావు. తీసి ఆ మేకుకి ఎలాగ తగిలించీగల్ను?"

ఆమె మీద నేను ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటివాళ్ళు వచ్చారు. అరుస్తూనే ఆమెను ఆటో ఎక్కించాను. శ్రీకాకుళంలో వేలు తీసేశారు. ఆపరేషను గది బయట కూర్చుని నా చేతులకేసి చూసుకున్నాను. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వాటిని నరికేసుకోవాలనిపించింది.

రెండు నెలలకు అప్ప మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. కోసే పని ఇక కుదరదు గనక పప్పు పొట్టు తీసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చివరి వరస. నేను గ్లౌజుల మాట ఎత్తడం మానేశాను. మిగిలిన ముక్కలన్నీ పొయ్యిలో పెట్టాను. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం షెడ్డు ఆడవాళ్ళు ముగ్గురు మా గుమ్మంలోకి వచ్చారు. గ్లౌజులు కుట్టమని.

"మీ అప్పకి కుట్టినట్టే మాకూ కుట్టమ్మా. ఏలు కత్తిలో పడిపోనాది గాని, అంతకు ముందు నీ గ్లౌజులు బాగా పన్జేసినాయని సెప్తాది."

వాళ్ళను మళ్ళీ రమ్మని పంపేసి, ఆ సాయంత్రమే అప్ప ఇంటికి వెళ్ళాను. ఎందుకలా చెప్పావని నిలదీశాను.

"కత్తిలో పడిందని సెప్పీసినాను. అయితే ఏటి?" అంది. "నీ గ్లౌజే తినీసిందని సెప్తే రేపు నీకెవులు జాకెట్టిస్తారు? పోయిన ఏలు ఎలాగూ రాదు. నీ పేరు కూడా పోవాలేటి?"

"ఆల్లూ ఆవదం రాసుకుని తొడుక్కుంటారప్పా. ఆల్ల ఏళ్ళు కూడా పోతాయి."

ఆ సంగతి ఆమెకు తోచినట్టు లేదు. తోచాక కూడా మొండికేసింది. "రాసుకోవద్దని సెప్పు. ఎందుకో సెప్పకు," అంది. ఎందుకో చెప్పకపోతే ఎవరూ మానరు, ఆమె మాత్రం మానేదా. ఆమెకూ తెలుసు ఆ సంగతి. మొహం గోడ వైపు తిప్పుకుంది.

మర్నాడు భోజనాల వేళకు షెడ్డుకు వెళ్ళాను. పాతిక మందిదాకా క్యారేజీలు విప్పుకుని వరండాలో కూర్చున్నారు. అప్ప దూరం నుంచే నన్ను చూసి వద్దని తల ఊపింది. అయినా ఎలాగో చెప్పాను. కత్తి కాదు, నేను కుట్టిన గ్లౌజు. లోపల నూనె, బూడిద. జీడి దిగి బయటికి పోలేక వేలిని తినేసింది. మా అప్ప నా కోసం అబద్ధం చెప్పింది. చెప్పి, తిట్టండి అన్నట్టు నిలబడ్డాను.

ఎవరూ తిట్టలేదు. ఒక్కరి చెయ్యీ ముద్ద దగ్గర ఆగలేదు. వాళ్ళలో పెద్దావిడ, అప్ప పక్క పీటలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి, నములుతూనే అంది.

"మాకు తెల్దేటమ్మా? పుట్టి బుద్ధెరిగి ఈ కత్తుల కాడే ఉన్నాం. కత్తిలో పడ్డ ఏలెలాగుంటాదో, జీడి తినీసిన ఏలెలాగుంటాదో మాకు తెల్దా?"

"తెలిసీ కుట్టమని ఎందుకొచ్చినారు మరి?"

ఆవిడ క్యారేజీ పక్కన పెట్టి, నీళ్ళతో చెయ్యి కడుక్కుని, రెండు చేతులూ నా మొహం ముందు చాపింది. వేళ్ళ కొసలకు గోళ్ళు లేవు. ముద్దలు ముద్దలుగా నల్లటి తోలు, మధ్యలో ఎర్రటి పచ్చి మాంసం.

"ఉత్తి సేతులు బాగున్నాయేటమ్మా?" అంది.