యోసేపు వేడెక్కాలి

అయిజలో టీవీలు బాగుచేసే యోసేపుకి ఒక్కటే పిచ్చి. లోకంలో ఏదైనా సరే, వేడెక్కితేగానీ పనిచేయదంటాడు. పాత పిక్చర్ ట్యూబుల దగ్గర పట్టుకున్న జబ్బు అది. బొమ్మ రాకపోతే జనం డబ్బా మీద నాలుగు బాదుతారు. యోసేపు మాత్రం చేతులు కట్టుకుని, పసిపిల్ల నిద్ర లేస్తున్నట్టు చూస్తూ "జర వేడెక్కనీ" అంటాడు.

పెళ్లిలోనూ అంతే. ఈ అమ్మాయి నీకు సమ్మతమేనా అని పాస్టరయ్య అడిగితే ఉలకలేదు, పలకలేదు. పెళ్లికూతురు ప్రేమలత చేతిలో పూలగుత్తి నలిగిపోయింది. ఎప్పటికో "సమ్మతమే" అన్నాడు.

"గంతసేపేంది?" అని బయటికొచ్చాక నిలదీసింది.

"లోపల ఫిలమెంట్ వేడెక్కాలె గదా."

ఆ కోపం ఆమెకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆమెకు దుకాణంలో కుట్టుమిషన్ పెట్టుకునే చోటు కావాలి. అక్కడేమో చచ్చిన టీవీలు అటక దాకా ఉన్నాయి. పాత సామాన్లు కొనే జంగయ్యను రమ్మంది. యోసేపు అన్నీ ఇస్తానన్నాడు, అంజవ్వది తప్ప.

టీవీ బాగుచేయమని ఇచ్చిన ఒంటరి మనిషి అంజవ్వ పత్తి చేను పని నుంచి రోజూ ఇటే వస్తుంది.

"అయిందా యోసేపూ?"

"ఇంకా వేడెక్కలేదవ్వా. కూసో, చాయ్ తాగు."

ఇక మొదలు. "అద్దంల బొమ్మ ఉండదవ్వా. ఎనుక నుంచి కంటికి కనబడని కణాలు వచ్చి తగిలితే ఒక్క చుక్క వెలుగుతది. గా చుక్క జల్ది ఉరుకుతుంటే మనకు మొత్తం బొమ్మ కనబడతది." ఇద్దరూ ఆ నల్లటి అద్దం వైపే చూస్తూ ఎక్కడికో వెళ్లిపోతారు. చాయ్ చల్లారిపోతుంది.

"బాగన్న చెయ్యి, తిరిగన్న ఇయ్యి. ముసలామెను తిప్పుతవేంది?" అని ప్రేమలత దెబ్బలాడింది. యోసేపు ఆ టీవీ మీది దుమ్ము తుడిచాడు.

జంగయ్య రావాల్సిన రోజు యోసేపు సామాన్ల కోసం గద్వాల పోయాడు. నిజంగానే చచ్చిందో లేదో చూద్దామని ఆమె అంజవ్వ టీవీకి వైర్లు గుచ్చి స్విచ్ వేసింది. సన్నగా హోరు వినిపించింది. నడిమధ్య ఒక మసక వెలుగు పుట్టి, మెల్లగా పరుచుకుని, ఏదో నది మీద పడవలై తేలింది. శుభ్రంగా పనిచేస్తోంది. ముందు ఒళ్లు మండింది. తర్వాత, ఇది ఇంటికి పోతే అవ్వ సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటుందో తోచి, మొగుడి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

ఇంతలో గుమ్మంలో అంజవ్వ. పడవలను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"బంద్ చెయ్యి బిడ్డా. యోసేపు చూస్తే చిన్నబోతడు."

"నీకు ఎర్కేనా అవ్వా?"

"ఎప్పటి సందో ఎర్క. గా చుక్క ముచ్చట మీ ఇంట్ల ఎవ్వరు ఇంటలేరాయె. నేను టీవీ కొంచవోతే పాపం ఎవరికి చెప్పుకుంటడు?"

బయట యోసేపు బండి ఆగింది. ప్రేమలత గబుక్కున వైరు పీకేసింది.

కాసేపటికి జంగయ్య వచ్చి అన్నీ ఆటోలోకి ఎక్కించి, చివరిదాని మీద చెయ్యి వేశాడు.

"గది ముట్టకు" అన్నారు ఆడవాళ్లిద్దరూ ఒకేసారి.

యోసేపు తెల్లబోయాడు. ప్రేమలత మూడు గ్లాసుల్లో చాయ్ పోసి, స్టూలు లాక్కుని అవ్వ పక్కన కూర్చుంది.

"ఇంతకీ గా చుక్క ఎటు నుంచి ఎటు ఉరుకుతది?"