వంటింట్లోకి రాని సిగ్నల్

నెట్ నెమ్మదిస్తే మా ఇంట్లో ఆయనకు క్రికెట్ ఆగుతుంది, పిల్లలకు ఆటలు ఆగుతాయి. నాకు మా అక్క మాటే ఆగిపోతుంది.

అక్కకు చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. బడికి పంపలేదు. కాబట్టి మా సైగలు ఏ పుస్తకంలోనూ దొరకవు, ఇద్దరం ఇంట్లోనే పుట్టించుకున్నవి. మీసం దువ్వితే నాన్న, ముక్కుపుడక ముట్టుకుంటే అక్క వాళ్ల అత్తగారు. మామూలు సంగతులు చేతులతో చెబుతుంది, అసలు సంగతులు వేళ్ల కొసలతో. ఆమె ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక ఊళ్లో ఉంటుంది, నేను కొత్తగూడెంలో సైన్సు పాఠాలు చెప్పుకుంటూ ఉంటాను. సాయంత్రం కాగానే వీడియో కాల్ పడాల్సిందే.

ఇదివరకు ఆమె పెరట్లో మొబైల్ సిగ్నల్ దొరికే చోట నిలబడి మాట్లాడేది. వానలు పట్టాక, బావ కొత్తగా పెట్టించిన బ్రాడ్‌బ్యాండ్ మీద వంటింట్లోంచి చేయడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆమె వేళ్లు నాకు పిండిముద్దలా కనిపించసాగాయి. తిన్నావా, పిల్లలు బాగున్నారా, ఇంతవరకే అందేది. పాపం, నా కోసం చేతులు పెద్దగా, నెమ్మదిగా ఊపడం నేర్చుకుంది, బస్టాండులో కొత్తవాళ్లకు చెప్పినట్టు. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ఇలాగే ఇంకొన్నాళ్లు సాగితే నేను చుట్టపుచూపు మనిషినైపోతానని భయం పట్టుకుంది.

వాళ్లది కొత్త కనెక్షన్, తప్పు మాదే అయ్యుంటుందనుకున్నాను. రౌటర్ ఆపి మళ్లీ పెట్టాను. మంత్రాలకు చింతకాయలు రాలతాయా? పిల్లల ఫోన్లు లాక్కున్నాను, టీవీ కట్టేశాను, రౌటర్ని బీరువా మీంచి కిటికీలోకి మార్చాను. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలని బళ్లో పిల్లలకు రోజూ చెప్పేదాన్ని, ఇంట్లో నాకే ఆ ఓపిక లేకపోయింది. చివరికి కంపెనీ మనిషిని పిలిపించాను. అతను తన ఫోన్లో స్పీడు చూసి నవ్వాడు.

"మేడం, మీకాడ స్పీడ్ మస్తుగున్నది. అటు దిక్కు ఏమన్న ఉన్నదేమో చూస్కోన్రి."

"మాట వినబడితే సరిపోదండీ, బొమ్మ కావాలి" అని కసిరాను గానీ, అతను వెళ్లాక బుర్ర తిరగడం మొదలైంది. నేను నీకు ఎలా కనిపిస్తున్నానని అక్కను అడిగాను. అద్దంలోలా ఉన్నావంది. ఇదేం చోద్యం? ఒకే కాల్‌లో ఆమెకు నేను స్పష్టంగా, నాకు ఆమె మసకగా! ఆదివారం దాకా నాకు మనసు నిలవలేదు.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. వాళ్లది పాత పెంకుటిల్లు, మట్టిగోడలు మూరెడు మందం. రౌటర్ హాల్లో టీవీ పక్కన, టీవీకీ నెట్ దాన్నుంచే. అక్క ఫోన్ పట్టుకుని హాల్లో స్పీడు చూస్తే దివ్యంగా ఉంది. వంటింట్లోకి వెళ్తే డౌన్‌లోడ్, అంటే దిగే స్పీడు పరవాలేదు, అప్‌లోడ్, అంటే ఎక్కే స్పీడు మాత్రం పాతాళంలో. మధ్యగోడకు స్టీలు గిన్నెల స్టాండు, దాన్నిండా అక్క పెళ్లినాటి సామాను. గిన్నెలన్నీ దించి మళ్లీ చూశాను, కాస్త మెరుగు. అప్పుడు తెలిసింది. రౌటర్ గొంతు పెద్దది, దాని కేక గోడ దాటి ఫోనుకు చేరుతోంది. ఫోన్ గొంతు చిన్నది, దాని మాట రౌటర్ దాకా పోవడం లేదు. నాకు పండగే అనిపించింది. ఇకనుంచి హాల్లో కూర్చుని మాట్లాడు, అంతే అన్నాను అక్కతో.

అక్క తల అడ్డంగా ఊపింది. ఎందుకని అడిగితే చెప్పదు. మొండిఘటం.

భోజనాలయ్యాక హాల్లో కూర్చున్నాం. వాళ్ల అత్తమ్మ మంచం మీద పడుకుని సీరియల్ చూస్తోంది. మొన్న పెళ్లికి వెళ్లి బావ తాగొచ్చాడని అక్క నాకు సైగ చేసిందో లేదో, మంచం మీంచి జవాబొచ్చింది.

"వాడేం తాగలే బిడ్డా, ఒక్క బీరే."

ఆమె అక్క కోసం ముచ్చటపడి సైగలన్నీ నేర్చుకుంది. బావా అంతే. ఆ ఇంట్లో అక్కను అర్థం చేసుకోని మనిషి లేడు, అందుకు నేను ఎప్పుడూ సంతోషించేదాన్ని. నేనైతే ఫోను చెవికి ఆనించుకుని మూలకు పోయి గొంతు తగ్గిస్తాను. చెయ్యి తగ్గించడం ఎలా? గోడలకు చెవులుంటాయంటారు, మా అక్కకు ఆ వంటింటి గోడే దిక్కు. అది దాటి ఇవతలికి వస్తే ఆమెకు గుసగుస లేదు.

ఈ మాట అత్తమ్మతో అనలేను, నొచ్చుకుంటుంది. అందుకే గోడ మందం గురించి, గిన్నెల గురించి పెద్ద పాఠం చెప్పి, రౌటర్ని వంటింట్లో పెడితే మంచిదన్నాను.

"హాల్ల కూసొని మాట్లాడరాదా? మేమేమన్న పరాయోళ్లమా?" అంది అత్తమ్మ.

అక్క తల వంచుకుని చీర కొంగు మెలిపెడుతోంది. అత్తమ్మ ఆమెను చూసి టీవీ ఆపేసింది.

"నేను గూడ మా అక్కతోని మాట్లాడాల్నంటె చేన్లకే పోయేదాన్ని బిడ్డా. ఇంట్ల మా అత్త ఉండె. తీస్కపోయి ఆడనే పెట్టు."

"మరి నీ సీరియల్ ఆగుతదేమో అత్తమ్మా" అన్నాను, సిగ్గుతో.

"ఆగనియ్యి. అండ్ల అత్తాకోడండ్ల కొట్లాటే గదా, నేను చూడందా?"

గోడ పక్కన చుట్టచుట్టి వేలాడుతున్న కేబుల్ వంటింటి దాకా సరిపోయింది. మర్నాడు సాయంత్రం కొత్తగూడెంలో ఫోను తెరిస్తే అక్క గోళ్లకంటిన పసుపు కూడా కనిపించింది. ఆమె చేతులు పెద్దగా ఊపలేదు. ఒకసారి గుమ్మం వైపు చూసి, రొమ్ముకు దగ్గరగా, వేళ్ల కొసలతో గబగబా చెప్పడం మొదలుపెట్టింది. వానాకాలమంతా దాచుకున్నది ఒక్కసారిగా వచ్చేసింది. నేను ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఏమైందని మా ఆయన అడిగారు.

ఆయనకు చెప్పలేదు. ఇక్కడా రాయను.