నీళ్లాడడమంటే తానమే

ముప్పయ్యేళ్లుగా ఎమ్మిగనూరు చుట్టుపక్కల కాన్పంటే మంత్రసాని మద్దమ్మే. అలాంటి మనిషి సంచిని ఆముదం బుడ్డితో సహా నలుగురూ చూస్తుండగా వీధిలో పారేసింది, ఇంగ్లండులో నర్సు చదువు చదివొచ్చిన దొరసాని. యాభై మూడులో కాన్పుల ఆసుపత్రి తెరిచిన రోజది. పైగా "నీవు గుడ్డలు ఉతుకుము" అంది. కరువు రోజులు, ఏం చేస్తుంది? మద్దమ్మ ఉతికింది. ప్రతి గుడ్డనూ దొరసానినే బాదినట్టు బండకేసి బాదింది.

"నీ పొగరు దించకుంటే నా పేరు మద్దమ్మే గాదు" అనుకునేది.

దొరసాని చెడ్డదేమీ కాదు పాపం. జొన్నరొట్టె తినడం కూడా నేర్చుకుంది. తెలుగు మాత్రం మద్రాసులో పుస్తకం చూసి నేర్చింది. పుస్తకంలో ఈ సీమ మాటలుంటాయా? తెలియని మాటొస్తే పెరట్లోకొచ్చి గుడ్డలుతికేదాన్నే అడగాలి మరి!

ఒక పొద్దున నందవరం దారి నుంచి సోమప్ప రొప్పుతూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అమ్మా, నా కూతురు చౌడమ్మ నీళ్లాడింది. మాయ పడలేదు. బిరీన రాండి!" అన్నాడు. కాన్పయింది, బిడ్డ వెనక రావలసిన మాయ రాలేదని ఆ మాట. మద్దమ్మకు పెరట్లోకి వినబడింది.

దొరసాని పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది. "నీళ్లాడుట అనగా ఏమి?"

మద్దమ్మ చేతిలోని గుడ్డను బండ మీద పెట్టింది. దొరికావే! "తానం సేసిందని."

"మాయ?"

"మాయంటే మాయే. దయ్యం గియ్యం పట్టిందేమో."

దయ్యానికి మందు లేదని చెప్పి సోమప్పను పంపేసింది దొరసాని. అప్పుడు బయలుదేరింది మద్దమ్మ. తను పోయి మాయ తీస్తుంది, ఊరంతా దొరసాని మొహాన ఉమ్మేస్తుంది! బజారులో కనబడినవాళ్లనల్లా ఆపి, "మీ దొరసానికి నీళ్లాడడమంటే తెలీదంట! నేను పోతాండా" అని చెప్పుకుంటూ నడిచింది. రెండు క్రోసుల దూరం. పోయేసరికి చౌడమ్మను చాప మీదికి దించారు. నెత్తురంతా పోయి ప్రాణం విడిచింది.

మర్నాడు జనం ఆసుపత్రి మీద పడ్డారు. "ఈమే కదా నాకు చెప్పినది!" అని ఏడ్చింది దొరసాని.

"నేనెవర్నమ్మా సెప్పేకి? గుడ్డలుతికేదాన్ని" అంది మద్దమ్మ.

జనం ఆమెనే నమ్మారు. దొరసాని ఆదోనిలో రైలెక్కి వెళ్లిపోయింది. చూడండి, పగ తీరింది.

మూడోనాడు సోమప్ప బిడ్డను ఎత్తుకుని మద్దమ్మ గడపలో కూలబడ్డాడు. "చౌడమ్మ నీ సేతుల్లోనే పుట్టె గదమ్మా. నిన్నిడిసిపెట్టి ఆ దొరసాని కాడికి పోయినా. నన్ను సెప్పుతో కొట్టు. దీన్ని నువ్వే సాకల్ల. ఇంగ నిన్ను తప్ప ఎవుర్నీ నమ్మను."

మద్దమ్మ చేతులు చాచలేకపోయింది.