అడ్డగీతల ముగ్గు

సర్దార్ కాక పోయాడని ఆయన భార్య, నేను చిన్నమ్మా అని పిలిచే ఆమె, ఊళ్లో లేని నాకు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయాడట. "నిన్న గూడ చాయ్‌కి తానే నడిచి పోయొచ్చిండు బిడ్డా. కాక గురించి రాస్తే అది రాయి," అంది. అందుకే రాస్తున్నాను.

కొత్తగూడెంలో మా పక్క క్వార్టర్ వాళ్లది. కార్మికులు బాయి అని పిలిచే బొగ్గుగనిలో కాక మైనింగ్ సర్దార్‌గా పనిచేసి రిటైరయ్యాడు. అందరికన్నా ముందు లోపలికి వెళ్లి, పైకప్పు కూలేలా ఉందేమోనని కర్రతో తట్టి, చప్పుడు వినేవాడు. ఆయన "ఊఁ" అంటేగాని ఎవరూ అడుగు వేసేవారు కాదు.

తరవాత పార్కిన్సన్స్ వచ్చింది. చేతి వణుకును ఆయన లెక్కచేయలేదు. ఇబ్బంది పెట్టింది చూపు. కళ్లు బాగానే ఉన్నాయి, కనిపించేవాటిలో దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో మెదడు తేల్చుకోలేకపోతోందని డాక్టర్ చెప్పాడు. కాక నాకు ఇంకా సులువుగా చెప్పాడు.

"బాయిల టోపీకి లైటుంటది గదా. మెడ ఏడ తిప్పితే ఆడనే వెలుగు, మిగతాదంత చీకటి. ఇప్పుడు పట్టపగలు గూడ నాకు గంతే."

ఆయన కోరిక ఒక్కటే. రోజూ పొద్దున ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గేటు దాటి, వీధి చివర చాయ్ హోటల్‌కు వెళ్లి రావాలి.

దానికి మొదట అడ్డుపడింది నేనే. ఒకరోజు ఆయన నడుస్తుంటే పక్కనుంచి "నమస్తే కాకా" అన్నాను. చూపు నావైపు తిరిగింది, కాళ్లు ఆగిపోయాయి, పడ్డాడు. లేపుతుంటే అన్నాడు: "నమస్తే ఎదురుంగ వెట్టు బిడ్డా. పక్కకెల్లి వెడితే నేనే నీ కాళ్ల మీద పడాల్సొస్తది."

రెండో అడ్డు వాకిట్లో ముగ్గు. ఆ చుక్కల్లో, మెలికల్లో చూపు చిక్కుకుని అడుగు పడేది కాదు.

"ముప్పై ఏండ్ల సంది ఏస్తున్న, ఒక్కనాడు జూడలే. ఇప్పుడేంది గంత మురిపెం?" అంది చిన్నమ్మ.

"అడ్డంగ గీతలెయ్యి. బాయిల పట్టాల కింద చెక్కలుంటయ్ జూడు, గట్ల. వాటి మీద జిందగీ అంత నడిచిన."

"ముగ్గంటరా దాన్ని? వాడకట్టోళ్లు నవ్వుతరు."

"నవ్వనీ. పడితే గూడ నవ్వుతరు."

మర్నాడు ఆమె అడుగుకొకటి చొప్పున గేటు దాకా అయిదు అడ్డగీతలు వేసింది. కాక మొదటి గీతను చేతికర్రతో తట్టాడు. "ఊఁ" అని దాటాడు. అయిదు గీతలు, అయిదు అడుగులు, గేటు. బయటికి వచ్చాక రోడ్డు మీద ఆయనకు కర్ర చాలు. చివరి రోజు దాకా అలాగే వెళ్లాడు.

కాక పోయాక పదకొండు రోజులు ఆ వాకిట్లో ముగ్గు పడలేదు. ఈ పొద్దున పడింది. చుక్కలు లేవు, అవే అయిదు గీతలు. పాలతను గేటు దగ్గర సైకిల్ దిగి, క్యాన్ చేత పట్టుకుని, ఒక్కో గీతా దాటుకుంటూ నిదానంగా లోపలికి వెళ్లాడు.