కడ్డీలో కలవని పట్టీ

మొన్న మా అబ్బాయి అమలాపురం నుంచి అరచేతిలో పట్టేంత వెండి కడ్డీ కొనుక్కొచ్చి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా నా చేతిలో పెట్టాడు. ఎంత స్వచ్ఛమో తెలిపే కాగితం కూడా దాంతోపాటే ఇచ్చారట. ఇప్పుడు చాలామంది పొలాల బదులు వీటినే కొని దాచుకుంటున్నారట. చల్లగా, బరువుగా ఉన్న దాన్ని పట్టుకోగానే నాకు మా అత్తగారి కడ్డీ, దాన్ని పోసిన కంసాలి ఆచారిగారు గుర్తొచ్చారు.

తొంభైల్లో వచ్చిన పెద్ద తుఫానుకి రాజోలు దగ్గర మా కొబ్బరితోట ఒక్క పూటలో నేలకొరిగింది. అప్పటిదాకా చెట్టునే నమ్ముకున్న మా అత్తగారు, గాలికి పడిపోనిది వెండి ఒక్కటేనని, ఇంట్లో ఉన్న సొట్టగిన్నెలు, తెగిన గొలుసులు, మూతల్లేని కుంకుమ భరిణెలు అన్నీ పోగేసి కడ్డీ పోయించాలనుకున్నారు. ఆ పోగులో మా పాప మువ్వల పట్టీలు కూడా వేశారు. పాప ఏడాది నిండకుండానే జ్వరంతో పోయింది. పోయిన బిడ్డ వెండిని ఇంకో బిడ్డకి తొడగకూడదని, నిప్పులో పడితేనే దాని దోషం పోతుందని ఆవిడ నమ్మకం. ఎదురుచెప్పే వయసూ ధైర్యమూ నాకు లేవు.

మా ఇంట్లో వెండిని బయటికి పంపేవారు కాదు. ఆచారిగారినే పిలిపించి, అరుగు మీద, అందరి కళ్ళముందూ కరిగించేవారు. ఆయన అంతా తూచి, అత్తగారికి బరువు చూపించి, ఇత్తడి పళ్ళెంలో పోశారు. కొబ్బరిచిప్పల బొగ్గులు రాజేసి ఆయన అటు తిరిగి తిత్తి ఊదుతుండగా, అచ్చుకి రాయడానికి కొబ్బరినూనె కోసం అత్తగారు లోపలికి వెళ్ళారు. నేను పళ్ళెంలో చెయ్యి పెట్టాను. రెండూ తీద్దామనే పెట్టాను. ఒకటి దొరికింది, రెండోది గిన్నెల కింద ఇరుక్కుంది, ఇంతలో అడుగుల చప్పుడు. ఆ ఒక్కటే కొంగున కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

ఆ పట్టీలు చేసింది ఆచారిగారే. మిగిలిన పట్టీని వెండి కరిగించే మట్టి మూసలో వెయ్యబోతూ, జత కోసం పళ్ళెమంతా వేళ్ళతో కెలికి, తలెత్తి నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన వెతకడం ఆపి దాన్ని మూసలోకి జారవిడిచారు.

కడ్డీ చల్లారాక తూస్తే, మామూలుగా పోయే తరుగు కన్నా రెండు తులాలు తక్కువొచ్చింది.

"మా అరుగుమీద కూచోబెడితేనే ఇంత పోయిందే, మీ కొట్టుకి పంపుంటే మాకు బొగ్గులే మిగిలేవేమోనండీ ఆచారిగారూ!" అన్నారు అత్తగారు.

"నా చేతిలోనే ఎక్కడో పొరపాటొచ్చిందండి, అమ్మగారూ. కూలొద్దులెండి," అంటూ ఆయన సామాను సర్దుకున్నారు.

నేను నోరు విప్పలేదు. తప్పు చెయ్యకపోతే కూలెందుకు వదులుకుంటాడని అత్తగారు వీధంతా చెప్పారు. ఆ తరవాత మా వీధిలో ఎవరూ ఆయన్ని పిలవలేదు. చివరికి ఆయన తన కుంపటి ఆర్పేసి, అమలాపురంలో ఎవరి కొట్లోనో నగలకి మెరుగుపెట్టే పనికి కుదిరారు.

చాలా ఏళ్ళకి మురమళ్ళ గుళ్ళో కనిపించారు. చూపు బాగా తగ్గింది, నా గొంతు విని పోల్చుకున్నారు.

"అది జాగ్రత్తగా ఉందామ్మా, పాప పట్టీ?"

"ఆయ్, ఉందండి," అన్నాను. క్షమించమని అడిగేలోపే "అంతే చాలు తల్లీ" అని గోడ పట్టుకుని ముందుకు కదిలారు.

ఇప్పుడు అత్తగారూ లేరు, ఆయనా లేరు. ఇప్పుడైతే కొట్లో మిషను కింద పెడితే ఏ వెండి ఎంత మంచిదో చిటికెలో చెప్పేస్తుందట. ఎవరి అరుగుమీదా ఎవరూ అనుమానపు చూపుల మధ్య కూర్చోనక్కర్లేదు. మంచిదే. మా అబ్బాయి కడ్డీకి కాగితముంది. ఆచారిగారికి ఉన్నది నా మాటొక్కటే, అది నేను చెప్పలేదు. ఆ నింద నమ్మినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళైనా చదువుతారని రాస్తున్నాను. ఆ రెండు తులాలూ ఆయన తియ్యలేదు. నా ట్రంకుపెట్టెలో, పాప చొక్కా మడతలో ఉన్నాయి.