లెక్కలోకి రాని చెయ్యి

మొన్న మంగళవారం పొద్దున సోమందేపల్లె నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "మా నాయన పోయినాడన్నా" అంది. మా మునిసిపాలిటీలో ఉద్యోగమంతా మంచినీళ్ల వాల్వులు తిప్పిన పెద్దాయన ఇక లేరు. మా కార్మిక సంఘానికి ఒకప్పటి కార్యదర్శి, నాకు పని నేర్పిన మనిషి.

వారానికోసారి నీళ్లొచ్చే ఊరు మాది. వాల్వు తిప్పేసి టీకొట్టుకు పోవడం మా అందరి అలవాటు. ఆయన మాత్రం వీధి చివరింటి దాకా నడిచిపోయి, ఆ కొళాయిలో నీళ్లు పడటం కళ్లారా చూసేవారు. "వాల్వు తిప్పితే పనైపోయినట్టు గాదప్పా. నీళ్లు యాడికి పోతాండాయో పోయి సూడు" అని నన్నూ తరిమేవారు. తిట్టుకుంటూనే పోయేవాణ్ణి. ఇప్పుడు నేను కూడా పోకుండా ఉండలేను.

మా సంఘంలో నాయకుల్ని చేతులెత్తి ఎన్నుకుంటాం. లెక్కపెట్టే పని నాది. రిటైరైనవాళ్లు సభ్యులుగా ఉండొచ్చు, సభకు రావొచ్చు, ఓటు మాత్రం లేదు. కార్యదర్శిగా ఉన్నప్పుడు ఆ నిబంధన రాయించింది ఆయనే. తీరా రిటైరయ్యాక మొదటి ఎన్నికలోనే వెనక వరుసలో కూర్చుని చెయ్యెత్తారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. అయినా చెప్పక తప్పలేదు.

"అన్నా, నీ చెయ్యి లెక్కలోకి రాదు."

"లెక్కబెట్టాకులే. కనపడితే చాలు" అన్నారు.

గెలిచిన నాయకులు రిటైరైనవాళ్లకు సంఘం ఇచ్చే వైద్య సాయం ఆపేశారు. ఓటు లేనివాళ్లకు జవాబు చెప్పేదెవరు? గుండెజబ్బున్న పాత పంపు ఆపరేటరు ఒకాయన మందులు మానేశాడు. అది తెలిసి పెద్దాయన సభలో లేచి నిలబడ్డారు.

"ఈ రూలు నేనే రాయించినా. పనిచేసేవాళ్లదే సంఘం అనుకొంటి. తప్పు చేసినా. ఇప్పుడు నాకు ఓటు లేదు, మీరే దిద్దల్ల."

అంతమందిలో అలా తప్పు ఒప్పుకున్న నాయకుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

నిబంధన మార్చాలా వద్దా అని చేతులెత్తమన్న రోజు, ఆయన వెనక వరుసలన్నీ తిరిగారు. "ఈ పొద్దు మనమెవరూ చెయ్యెత్తాకండి. రేపు ఎవడూ దొంగలెక్క అనగూడదు." అలా చెప్పి, తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నిబంధన మారింది. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన గౌరవం మాటల్లో చెప్పలేను.

తర్వాతి ఎన్నికకు సోమందేపల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చేశారు. ఆయన బలపరిచిన మనిషి ఓడిపోయాడు, అది వేరే సంగతి. నేను వరుసలన్నీ లెక్కపెట్టుకుంటూ ఆయన దగ్గరికొచ్చి, అంకె పైకి చెప్పి, ముందుకు కదిలాను. లెక్క ముగిసి వెనక్కి తిరిగితే అందరి చేతులూ దిగిపోయాయి. ఆయనది మాత్రం ఇంకా పైనే ఉంది. వాలిపోతున్న మోచేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబెట్టుకున్నారు.